కుక్కల ఆదివారం

మార్చి 3, ఆదివారం

ప్రసంగం అయ్యాక పాస్టర్ అనౌన్స్ చేశాడు. వచ్చే ఆదివారం అందరూ పెంపుడు జంతువుల్ని ఆరాధనకు తీసుకురావచ్చట. కుక్కలు, పిల్లులు, కుందేళ్ళు, ఏవైనా సరే. ఊపిరున్న ప్రతిదీ దేవుణ్ణి స్తుతించాలట. జనం చప్పట్లు కొట్టారు. నేను కీబోర్డ్ ముందు కూర్చుని అద్దం వైపు చూశాను.

అద్దం అవతల తల్లుల గది. చంటిపిల్లల ఏడుపు హాల్లోకి వినబడకూడదని కట్టించారు. ఇప్పుడందులో మా చెల్లి ఒక్కతే కూర్చుంటుంది. దానికి ముప్పై దాటాయి, బుద్ధి మాత్రం ఐదేళ్ళ దగ్గరే ఆగింది. పాట మొదలైతే చాలు, గొంతు చించుకుని అరుస్తుంది. దాని లెక్కలో అది పాడటమే. డిస్టర్బెన్స్‌గా ఉందని సంఘ పెద్ద అక్కడికి పంపించాడు. స్పీకర్ ఉందిగా, అన్నీ వినబడతాయిగా అన్నాడు.

దానికి ఊపిరి లేదా?

మార్చి 5

పాస్టర్‌ని అడిగాను, ఆదివారం చెల్లిని హాల్లో నా పక్కన కూర్చోబెట్టుకుంటానని. గడ్డం గోక్కున్నాడు. ఆ రోజు ఎలాగూ గోలగానే ఉంటుంది కాబట్టి పర్వాలేదన్నాడు. కుక్కల పుణ్యమా అని చెల్లికి చోటు దొరికింది. పైగా థాంక్స్ చెప్పి వచ్చాను. నా చెప్పుతో నన్నే కొట్టుకోవాలి.

మార్చి 9

చెల్లికి జడ వేస్తూ, రేపు చర్చికి కుక్కలొస్తాయని చెప్పాను. లోపలికా అంది. లోపలికే అన్నాను. మరి నేనో అంది. నువ్వూ అన్నాను.

మార్చి 10, మధ్యాహ్నం



ముందు బెంచీ మీద తువ్వాలు పరిచి సంఘ పెద్ద భార్య తన గోధుమరంగు కుక్కను కూర్చోబెట్టింది. మనుషులు గోడవారగా నిలబడ్డారు. ఎవరిదో కుక్కపిల్ల కార్పెట్ తడిపింది. వీడు కానుక ముందే వేసేశాడని పాస్టర్ జోకు. అందరూ పగలబడి నవ్వారు. కార్పెట్ తుడిచింది నేను.

మొదటి పాటకు చెల్లి అరిచింది. గోధుమరంగు కుక్క మూతి పైకెత్తి తోడు ఊళ పెట్టింది. ఎంత ముద్దుగా పాడుతోందోనని అందరూ ఫోన్లు తీశారు. కుక్కనే తీశారు.

రెండో పాటకు చెల్లి ఇంకా గట్టిగా అందుకుంది. కుక్క బెంచీ కింద దూరింది. సంఘ పెద్ద భార్య వచ్చి నా చెవి దగ్గర వంగి, చక్కెర పలుకులతో, మావాడు జడుసుకుంటున్నాడమ్మా, మీ చెల్లిని కాసేపు ఆ గదిలో కూర్చోబెట్టకూడదా అంది.

నేను చరణం మధ్యలో చేతులు తీసేశాను. పాట కుంటుకుంటూ కాస్త దూరం వెళ్ళి ఆగిపోయింది. ఎవరు ఆ గదిలో కూర్చోవాలో ఇంకోసారి చెప్పండి అన్నాను. మైకు ఆన్‌లో ఉంది. సంఘ పెద్ద తల వంచి కార్పెట్ వైపు చూశాడు. పాస్టర్ ఆయన వైపు చూశాడు. చివరికి పాస్టరే, ఈ ఒక్కరోజుకీ తీసుకెళ్ళమ్మా అన్నాడు.

గదిలోకి కాదు, ఇంటికే తీసుకొచ్చేశాను. చెల్లి వెనక్కి తిరిగి కుక్కకు టాటా చెబుతూనే ఉంది.

మార్చి 11

పాస్టర్ ఫోన్. ఎత్తలేదు.

మార్చి 13

ఇద్దరూ ఇంటికొచ్చారు, పాస్టరూ, సంఘ పెద్ద భార్యా. కుర్చీలు వేశాను. మంచినీళ్ళు ఇవ్వలేదు. మనసు నొప్పించి ఉంటే క్షమించమంది ఆవిడ. అయినా అది నోరులేని జీవి, తన బాధ చెప్పుకోలేదు కదమ్మా అంది. మా చెల్లి తన బాధ ఎప్పుడు చెప్పుకుందండీ అన్నాను. ఆవిడ కొంగు సర్దుకుంది. ఇకనుంచి నెలనెలా జంతువుల ఆదివారం పెడుతున్నాడట పాస్టర్. జనం బాగా వచ్చారట. కీబోర్డ్ లేకపోతే కష్టమట. అదీ సంగతి. కుక్క కూడా వచ్చిందా అని చెల్లి లోపలి నుంచి అడిగింది. వాళ్ళు చెప్పులేసుకునేలోపే తలుపు వేసేశాను.

మార్చి 17, ఆదివారం

వెళ్ళేది లేదని పొద్దున్నే చెప్పేశాను. చెల్లి చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి మొరుగుతోంది. ఏమైందే అన్నాను. ఇలా అయితే లోపల ఉండనిస్తారక్కా అంది. మళ్ళీ మొరిగింది.