మే నెలలో హీటర్

మే 3, శనివారం

గ్రేటర్ నోయిడా ట్రాక్. మళ్లీ అదే. మూడో ల్యాప్‌కే టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దగ్గరికొచ్చింది. పిట్‌లోకి వచ్చేశాను. కొత్త కార్ల కుర్రాళ్లు, ఆంటీ అప్పుడే వచ్చేసిందేమిటన్నట్టు చూశారు. ఒళ్లు మండింది.

నాన్న పోయి రెండేళ్లు. ఆయన కొన్న కారు ఇది, నాకు డ్రైవింగ్ నేర్పిన కారు. నెలాఖరుకి దీనికి పదిహేనేళ్లు నిండుతాయి, అంత పాత బండిని ఆపైన ఢిల్లీ చుట్టుపక్కల తిరగనివ్వరు. తమ్ముడు సుహాస్ నెల్లూరు తీసుకుపోతాడు. ఈలోపు ఒక్క సెషన్, ఒక్కటంటే ఒక్కటి, మధ్యలో ఆగకుండా పూర్తిచెయ్యాలి.

మే 9

సెలవు పెట్టి గ్యారేజ్‌లో కూర్చున్నాను. మందమైన రేడియేటర్ వేయించాను. గాలి పక్కనుంచి జారిపోకుండా చుట్టూ సందుల్లో ఫోమ్ షీట్ కూరాం. సుహాస్ ఫోన్‌లో ఒకటే నవ్వు, ఊరెళ్లిపోయే బండికి ఈ ముస్తాబేమిటని.

మే 10

చాలా మెరుగు. కానీ చివర్లో మళ్లీ ముల్లు లేచింది. ఏడుపొచ్చింది.

మే 18, సాయంత్రం

అమ్మతో మార్కెట్‌కి బయల్దేరి జామ్‌లో ఇరుక్కున్నాను. బరువు తగ్గుతుందని ఏసీ ఎప్పుడో తీయించేశాను. అమ్మ కొంగుతో విసురుకుంటూ ముల్లు వైపు చూసింది.

“మీ నాన్నగారైతే ఈపాటికి హీటర్ వేసుండేవారే.”

నిజమే. మే నెల ట్రాఫిక్‌లో ఇంజన్ వేడెక్కితే నాన్న అద్దాలన్నీ దించి హీటర్ ఫుల్‌గా పెట్టేవారు. దాని వేడి మనం కాస్త పంచుకోవాలి అనేవారు. వెనక సీట్లో నేనూ సుహాస్ ఉడికిపోతూ సణుక్కునేవాళ్లం. చలికాలమైతే అదే హీటర్ ముందు హాయిగా వేయించిన పల్లీలు ఒలుచుకుని తినేవారు. పొట్టంతా డాష్‌బోర్డ్ మీదే, అద్దం కింద గాలొచ్చే సందుల్లోనూ. అమ్మ తిడుతూ తుడిచేది.

ఎంత గుర్తొచ్చారో.

ఢిల్లీ ఎండల్లో హీటరెందుకని పోయినేడు ఆ పైపులు పీకించింది నేనే.

మే 19

పైపులు మళ్లీ పెట్టించాను. మెకానిక్ భయ్యా రెండుసార్లు అడిగాడు, గర్మీలో హీటరా దీదీ అని. అవునన్నాను.

మే 24, శనివారం

ఆఖరి ల్యాపుల్లో ముల్లు లేచింది. అద్దాలు ముందే దించి ఉన్నాయి. హీటర్ ఫుల్‌గా తిప్పాను, గాలి ముందు అద్దం వైపు. హెల్మెట్‌లో చెమట కళ్లలోకి కారింది. ముల్లు ఆగింది, నెమ్మదిగా దిగింది. జెండా ఊపేదాకా నేను ఆగలేదు.

ఇంజన్ కట్టేసి చూసుకుంటే, ఒళ్లో పల్లీ పొట్టు.

దులుపుకోలేదు.