ఘాటు రాని మిరపకాయలు

అక్కా,

ఇవాళ నీ కూతురికి మూడేళ్లు నిండాయి. నీ పెళ్లిచీర కత్తిరించి కుట్టించిన పట్టులంగా వేశాను. అచ్చం నీలాగే ఉంది.

ఈ పరాయి దేశంలో, క్లైడ్ నార్త్‌లో మేం కొత్తగా కట్టించుకున్న ఇల్లు ఇది. ఇందులో మాకంటే ముందు ఎవరూ బతకలేదు, ఎవరూ పోలేదు. అయినా లంగా వేసుకున్న దగ్గర్నుంచీ పిల్ల పెరటి అద్దాల తలుపు వంకే చూస్తూ నవ్వింది. ఎవరే అక్కడ అని అడిగితే, "ద లేడీ, మమ్మీ. షీ కీప్స్ లుకింగ్ ఎట్ మీ" అంది. తలుపవతల ఇంకా గడ్డయినా మొలవని మట్టి తప్ప ఏమీ లేదు.

మధ్యాహ్నానికి దాని ఒళ్లు కాలిపోయింది. కేకు ముట్టలేదు. ఈమధ్యే పరిచయమైన పక్కింటి ఆంటీ చూసి, "దిష్టమ్మా ఇది. ఉప్పూ మిరపకాయలూ తియ్యి" అన్నారు. ఇంట్లో కాలిస్తే స్మోక్ అలారం మోగుతుందని, నువ్వున్నప్పుడు తీసినట్టే ముమ్మారు తిప్పి, పెరట్లో బార్బెక్యూ పొయ్యి మీద వేశాను. గుప్పెడు మిరపకాయలు నల్లగా మాడిపోయాయి. ఎవరికీ దగ్గు రాలేదు.

"ఘాటే రాలేదంటే కన్నతల్లి దిష్టేనమ్మా. మురిసిపోయి చూసుకునుంటావు. బుగ్గన కాటుకచుక్క పెట్టు, ఇంక తగలదు" అన్నారు ఆంటీ.

నేను పిన్నినని ఆవిడకి తెలియదు.

సాయంత్రానికి జ్వరం దిగింది. చుక్క పెట్టబోతే పిల్ల నా భుజం మీదుగా తలుపు వంక చూసి చెయ్యూపింది. కాటుక డబ్బా మూత పెట్టేశాను.

ఈ ఒక్క పూటా కళ్లారా చూసుకో అక్కా. రేపు పొద్దున్నే పెట్టేస్తాను.