మేము మొసలిని ఆడతాం

మొలెపొలోలె, బోట్స్వానా
సెప్టెంబరు 1977

చిన్నారి భూగోళం ప్రచురణల సంపాదకులు ఎమ్రిస్ ప్రిచర్డ్ గారికి,

మ్మా-ఒతెంగ్ వ్రాయునది. మేమందరం బాగా లేచాం. మీరూ బాగా లేచారని తలుస్తాను.

"బోట్స్వానా: పిల్లలకు తొలి పరిచయం" అనే మీ పుస్తకం చిత్తుప్రతి అందింది. పెద్దపంతులమ్మగా పనిచేసినదాన్ని కనుక తప్పులు దిద్దమన్నారు. దిద్దాక చివరి పుటలో "సరిచూసినవారు" అని నా పేరు వేస్తామన్నారు. దిద్దాను. సగంలోనే ఎర్ర సిరా అయిపోయింది. మిగతా సగానికి నీలం సిరా వాడాను. రంగు మారినంత మాత్రాన తప్పు చిన్నదైందని అనుకోవద్దు.

అట్ట మీద సింహాన్ని తీసెయ్యండి. మా ఊరి చుట్టూ సింహాలు తిరిగిన కాలం మా నాయనమ్మతోనే పోయింది. నా మనవరాలు తుమిసాంగ్ మీ అట్ట చూసి, "నాయనమ్మా, ఈ కుక్కకి మెడ నిండా జుట్టేమిటి?" అని అడిగింది.

ఆరో పుటలో "వీరు గుడిసెల్లో ఉంటారు" అని రాశారు. తప్పు. మాకు కుటుంబానికి మూడు ఇళ్ళు. ఊళ్ళో ఒకటి, పొలాల దగ్గర ఒకటి, పశువుల మకాంలో ఒకటి.

తొమ్మిదో పుట దిద్దడానికి వీలు లేనంత బాగా చెడింది. కొట్టేసి నేనే రాశాను. ఇదిగో:

"మేము మొసలిని ఆడతాం. సెరోవె వాళ్ళు జింకను ఆడతారు. మొచుడి వాళ్ళు కోతిని, రామొత్స్వా వాళ్ళు అడవిదున్నను ఆడతారు. కొత్త మనిషి కనిపిస్తే ముందు 'మీరేం ఆడతారు?' అని అడుగుతాం. ఊరి పెద్దలు కూర్చునే ఖోట్లాలో మా పెద్దాయన మాట ముగించగానే అందరం 'పుల!' అని అరుస్తాం."

ఇందులో ఒక్క అక్షరం మార్చవద్దు. జనవరిలో ఈ పుస్తకం మా బడికే వస్తుందని రాశారు. తుమిసాంగ్ అప్పటికి మూడో తరగతి. తన దేశం గురించి అది చదవబోయే మొదటి పుస్తకం ఇదే. అందులో అబద్ధం ఉండి, కింద నా పేరు ఉంటే, ఆ పిల్ల ముందు నేను తలెత్తుకోలేను.

పుల!
మ్మా-ఒతెంగ్

తా.క.: ఇంతకీ మీరేం ఆడతారు?


లండన్
అక్టోబరు 1977

శ్రీమతి ఒతెంగ్ గారికి,

ప్రిచర్డ్ నమస్కరించి వ్రాయునది. నేను లేవడం గురించి అడిగారు. రోజూ ఏడింటికి లేస్తాను. ఆదివారం కాస్త ఆలస్యం.

మీ తొమ్మిదో పుట చదివి మా కార్యాలయంలో టీ చల్లారిపోయింది. ఇన్నేళ్ళుగా దేశదేశాల పుస్తకాలు వేస్తున్నాం గాని, మొసలితో నాట్యం ఎక్కడా వినలేదు. సింహాన్ని ఆ క్షణమే తీసేశాం. అట్ట మీదికి మొసలినే ఎక్కిస్తున్నాం.

చిత్రకారుడికి కొన్ని సందేహాలున్నాయి. ఆడేటప్పుడు మొసలి మూతి కడతారా? తోక వైపు ఎవరు నిలబడతారు? పిల్లలను ఏ వయసు నుంచి ఆడనిస్తారు? సెరోవె వాళ్ళకు జింకను ఇచ్చి మీకు మొసలిని అంటగట్టడం అన్యాయం కాదా అని కూడా అతను అడుగుతున్నాడు. ఇది బొమ్మకు అవసరం లేదు, ఊరికే బాధపడుతున్నాడు.

మూడు ఇళ్ళున్న సంపన్నురాలు మా చిన్న పుస్తకానికి ఇంత తీరిక చేసుకున్నారు. మీవారు ఒతెంగ్ గారికి కూడా నా కృతజ్ఞతలు చెప్పండి.

ఇట్లు, విధేయుడు
ఎమ్రిస్ ప్రిచర్డ్

తా.క.: నేను వాల్ట్జ్ ఆడతాను. శనివారాలు మాత్రమే. తన కాళ్ళు నలిగిపోతున్నాయని మా ఆవిడకు దాని మీద ఎప్పుడూ ఫిర్యాదే.


మొలెపొలోలె
అక్టోబరు 1977

ప్రిచర్డ్ గారికి,

మ్మా-ఒతెంగ్ వ్రాయునది. మేము లేచాం. మీ ఉత్తరం చదివాక మళ్ళీ కూర్చోలేదు.

ఒతెంగ్ నా భర్త కాడు, నా పెద్దకొడుకు. మ్మా అంటే అమ్మ. బిడ్డ పుట్టాక తల్లిని ఆ బిడ్డ పేరుతోనే పిలుస్తారు. వాడిప్పుడు పశువుల మకాంలో ఉన్నాడు. మీ కృతజ్ఞతలు కబురు పంపాను. ఆవుల దాకా చేరి ఉంటాయి.

మొసలి మూతి మేమెందుకు కడతాం? మా ఊళ్ళో మొసలి లేదు. మొసలి మునిగేన్ని నీళ్ళే ఉంటే అక్టోబరులో ఇలా మెడలు నొప్పెట్టేలా ఆకాశం వైపు ఎందుకు చూస్తాం? ఒకవేళ ఉన్నా దాన్ని మేం చంపం, తినం, ముట్టం. చూడను కూడా చూడం. చూస్తే కళ్ళు ఎర్రబడతాయని మా నాయనమ్మ చెప్పేది. జింకను ఆడేవాళ్ళు జింక జోలికి పోరు, కోతిని ఆడేవాళ్ళు కోతి జోలికి పోరు. ఇంత మాత్రం తెలియని చిత్రకారుణ్ణి ఏ బడి పై తరగతికి పంపించింది?

మీ ఉత్తరం ఖోట్లాలో చదివి వినిపించాను. మూతి కట్టే మాట దగ్గర కెబొనంగ్ తాత తన మూతి చేత్తో మూసుకున్నాడు. వాల్ట్జ్ దగ్గర సభ ఆగిపోయింది. నిఘంటువులో చూద్దామంటే చివరి పుటలు మా మేక తినేసి చాలా కాలమైంది.

"గిట్టల జంతువా, పంజాల జంతువా?" అన్నాడు కెబొనంగ్ తాత.

"భార్య కాళ్ళు తొక్కుతోందంటున్నాడుగా. గిట్టలే!" అంది మా పక్కింటి మ్మా-పుసో.

"మరి శనివారమే ఆడటమేమిటమ్మా? మిగతా రోజులు ఏం చేస్తాడు? తింటాడా?"

"చూడు తాతా, తను ఆడే జంతువుని ఇంట్లోకి తోలుకొచ్చి పెళ్ళాం మీదికి వదిలేవాడు ఏమైనా చేస్తాడు. పాపం, ఆ పిల్ల పుట్టింటివాళ్ళు ఏం ఆడతారో! వాళ్ళకి కబురైనా పోయిందో లేదో!"

చివరికి మా పెద్దాయన కర్ర నేలకు తాటించి, "మనకి తెలియని జంతువుని వెక్కిరించకూడదు. ఎవరిది వాళ్ళకి గొప్ప" అని తీర్పు చెప్పాడు. అందరం పుల అని అరిచి లేచాం.

మా పెద్దాయన చూపిన మర్యాద మీ చిత్రకారుడు కూడా చూపాలని కోరుతున్నాను.

పుల!
మ్మా-ఒతెంగ్

తా.క.: వాల్ట్జ్‌ని తినవచ్చా? కెబొనంగ్ తాత అడగమన్నాడు. ఎప్పుడైనా మీ ఊరు వస్తే విందులో పొరపాటు జరగకూడదట.


లండన్
నవంబరు 1977

మ్మా గారికి,

ప్రిచర్డ్ నమస్కరించి వ్రాయునది. ఈసారి పిలుపు సరిగ్గానే ఉందని ఆశిస్తాను.

కళ్ళ సంగతి చెప్పి మంచి పని చేశారు. ఇప్పుడంతా బోధపడింది. మొసలిని ముట్టకూడదు, చూడకూడదు, కాని ఆడాలి. అంటే కళ్ళకు గంతలు! కొత్త బొమ్మ పంపుతున్నాను. మధ్యలో మొసలి. చుట్టూ ఊరు ఊరంతా గంతలు కట్టుకుని చేతులు పట్టుకుని ఆడుతోంది. మొసలి ఒక్కటే కళ్ళు తెరుచుకుని ఎవరిని ఎంచుకోవాలా అని చూస్తోంది. బొమ్మ చూసి మా టైపిస్టు ఆ రోజు సెలవు పెట్టింది గాని, అద్భుతంగా కుదిరింది. మీ ఊళ్ళో మొసలి లేదన్నారు కనుక "పండుగనాడు పొరుగూరి నుంచి అద్దెకు తెస్తారు" అని ఒక వాక్యం కలిపాం.

ఇక పుల సంగతి. ప్రతి ఉత్తరం చివరా మీరంత గట్టిగా అడుగుతుంటే బ్యాంకులో విచారించాను. పుల అంటే మీ దేశపు కొత్త డబ్బు అన్నారు. సరిచూసినవారికి పారితోషికం ఇచ్చే ఆనవాయితీ మా సంస్థకు లేదని చెప్పడానికి సిగ్గుపడుతున్నాను. ఖోట్లా వాక్యాన్ని కూడా పిల్లలకు అర్థమయ్యేలా మార్చాం. "పెద్దాయన మాట ముగించగానే అందరూ 'డబ్బు! డబ్బు!' అని అరుస్తారు."

పుస్తకం నెలాఖరుకు అచ్చుకు వెళుతుంది. అభ్యంతరం ఉంటే వెంటనే రాయండి. లేకుంటే చివరి పుటలో మీ పేరు ఖాయం.

ఇట్లు, విధేయుడు
ఎమ్రిస్ ప్రిచర్డ్

తా.క.: వాల్ట్జ్‌ని తినడమేమిటండీ! ఒకటి, రెండు, మూడు. మూడు అడుగులది, అంతే.


మొలెపొలోలె
నవంబరు 1977

ప్రిచర్డ్ గారికి,

మ్మా-ఒతెంగ్ వ్రాయునది. మేమెలా లేచామో ఇక మీకు చెప్పను. మా పలకరింపే అది అయినా, మీరెలా లేచారో అడగను. బాగా లేచిన మనిషి ఆ బొమ్మ పంపడు.

మీ తాజా కలం కూడా ఖోట్లాలో చదివాను. మూడు అడుగులది అనగానే అందరూ తలలు వంచుకున్నారు. "నాలుగో కాలు తినేశారన్నమాట" అన్నాడు కెబొనంగ్ తాత నెమ్మదిగా.

ఆ సాయంత్రం మీ దేశం నుంచి వచ్చిన ఆసుపత్రి డాక్టరమ్మని పట్టుకుని వాల్ట్జ్ అంటే ఏమిటో చెప్పమన్నాను. ఆవిడ నా వంటింట్లో జొన్న సంకటి గిన్నెనే జంటగా పట్టుకుని గిరగిరా నాట్యం చేసి చూపించింది. అప్పుడు నాకు రెండూ ఒక్కసారే అర్థమయ్యాయి. మీరు ఆడేదేమిటో, మేము ఆడతామంటే మీరేమనుకున్నారో.

ఇక వినండి. మా భాషలో పాడటానికి, ఆడటానికి, తలవంచి గౌరవించటానికి ఒకటే మాట. మొసలిని ఆడతాం అంటే మొసలి మా వంశపు గుర్తు. అది మా పేరు కన్నా ముందు పుట్టిన పేరు. పుల అంటే వాన. వాన కన్నా విలువైనది మాకు లేదు కనుక ఖోట్లాలో ఒకరికొకరం అదే కోరుకుంటాం, ఉత్తరం చివర అదే రాస్తాం, డబ్బుకూ నిరుడు ఆ పేరే పెట్టుకున్నాం. మీరు దాన్ని తిరగేసి చదివారు. ప్రతి ఉత్తరంలో నేను మీ మీద వాన కురవాలని దీవించాను. మీరు ఆ దీవెన గురించి బ్యాంకులో విచారించారు.

ఇది ముందే రాయలేదేమని అడగకండి. మాట మాది, చెవి మీది. తెలియకపోతే అడగాలి. తెలియనిచోట మొసలిని అద్దెకు తేకూడదు.

ఆ బొమ్మతో, ఆ వాక్యాలతో నా పేరు వెయ్యడానికి వీల్లేదు. వేస్తే ఆ పుస్తకాల పెట్టె మా బడికి వచ్చిన రోజే మేకల ముందు విప్పుతాను. మా మేకలకు నిఘంటువు రుచి తెలుసు, పిల్లల పుస్తకం ఫలహారం. తుమిసాంగ్‌కి తన దేశం గురించి నేనే నేల మీద పుల్లతో రాసి చెప్పుకుంటాను.

మా మూడో తరగతికి నేనూ ఒక పాఠం రాశాను. చిత్తుప్రతి ఇదిగో:

"ఇంగ్లండ్: పిల్లలకు తొలి పరిచయం. ఈ దేశంలో అందరూ ఏడింటికి లేస్తారు. పాపం, కుటుంబానికి ఒకటే ఇల్లు. వీరు వాల్ట్జ్ అనే మూడు కాళ్ళ జంతువును పెంచుతారు. శనివారాలు దాన్ని ఆడవాళ్ళ కాళ్ళ మీద నడిపిస్తారు. వీరి డబ్బును పౌను అంటారు. పౌను అంటే బరువు. కనుక సభ ముగియగానే అందరూ 'బరువు! బరువు!' అని అరుస్తారు. సరిచూసినవారు: ఎమ్రిస్ ప్రిచర్డ్, ఇంగ్లీషు పెద్దమనిషి."

అభ్యంతరం ఉంటే వెంటనే రాయండి. లేకుంటే పాఠం కింద మీ పేరు ఖాయం.

పుల! (వాన. డబ్బు కాదు.)
మ్మా-ఒతెంగ్

తా.క.: మీ ఆవిడ కాళ్ళ గురించి ఖోట్లాలో ఇంకా బెంగగానే ఉన్నారు. అసలు సంగతి నేను చెప్పలేదు. మీరు మారాక చెబుతాను.


లండన్
డిసెంబరు 1977

మ్మా-ఒతెంగ్ గారికి,

ఎమ్రిస్ వ్రాయునది. మేము బాగా లేచాం, కొంచెం సిగ్గుతో లేచాం. మీరూ బాగా లేచారని తలుస్తాను.

అచ్చు ఆపించాను. మొసలిని తిప్పి పంపేశాం. డబ్బు అరుపులు తీసేశాం. తొమ్మిదో పుట ఇప్పుడు మీరు మొదట రాసినట్టే ఉంది, ఒక్క అక్షరం మారలేదు. దాని కింద మీ ఉత్తరంలోని వివరణ చేర్చాం, అదీ మీ మాటల్లోనే. అట్ట మీద వానలో నోళ్ళు తెరుచుకుని నిలబడ్డ పిల్లలున్నారు. వాళ్ళలో ఒకమ్మాయికి తుమిసాంగ్ అని పేరు రాయించాను. చిత్రకారుడు కూడా తేలికపడ్డాడు. మొదటి రాత్రి నుంచీ అతనికి మొసలి కలలే.

మీ పాఠం శ్రద్ధగా సరిచూశాను. వాల్ట్జ్ సంగతి మా ఆవిడకు చదివి వినిపిస్తే, అందులో తప్పేమీ లేదని సంతకం పెట్టమంది. ఏడింటికి లేవడం, ఒకటే ఇల్లు, అవీ నిజమే. కాని ఒక్క ఘోరమైన తప్పు ఉంది. దాన్ని ఎర్ర సిరాతో దిద్దాను.

నేను ఇంగ్లీషువాణ్ణి కాను.

నాది వేల్స్. ఇంగ్లండ్ పక్కనే కొండల దేశం. మాకు మా భాష ఉంది, దాన్ని కూడా ఎవరూ సరిగా పలకరు. మమ్మల్ని ఇంగ్లీషువాళ్ళన్నవాళ్ళకి మా అమ్మ టీలో పంచదార వేసేది కాదు. "సరిచూసినవారు: ఇంగ్లీషు పెద్దమనిషి" అన్న మాట చదివి నేను బల్ల మీద గుద్దాను. టీ ఒలికింది. ఒలికిన టీ తుడుస్తుంటే మీ పాత ఉత్తరాలన్నీ మళ్ళీ చదవాలనిపించింది. చదివాను. అచ్చు ఆపింది ఆ తరువాతే.

నా పేరు మీ పాఠం కింద వెయ్యాలంటే ఆ వాక్యం మార్చాలి. మార్చకపోతే మీ మేకలకు పోటీగా ఇక్కడ మా గొర్రెలున్నాయి.

మీ మొదటి ఉత్తరంలో అడిగిన ప్రశ్నకు జవాబు ఇప్పుడు చెబుతాను. మేము ఎర్ర డ్రాగన్‌ను ఆడతాం. మా జెండా మీద ఉంటుంది. దాన్ని మేము ముట్టలేదు, తినలేదు, ఇంతవరకూ ఎవరమూ చూడనూ లేదు. కెబొనంగ్ తాతకు చెప్పండి: గిట్టలు లేవు, పంజాలు. కాళ్ళు నాలుగూ ఉన్నాయి. మా ఆవిడ పుట్టింటివాళ్ళూ అదే ఆడతారు.

పుల!
ఎమ్రిస్, డ్రాగన్‌ను ఆడేవాడు

తా.క.: మీ దీవెనలు మూడూ అందాయి. ఇక్కడ నెల రోజులుగా పుల ఆగలేదు. మా వంటింట్లో గిన్నెలన్నీ కారుతున్న ఇంటికప్పు కిందే ఉన్నాయి. ఇది మీరు ఉంచుకోండి, మాకు చాలు అని అరవడానికి మీ భాషలో ఏమైనా మాట ఉంటే తిరుగు టపాలో పంపండి.