ముసుగు వెనక నాన్న

తిరుత్తణి,
ఆదివారం.

అమ్మ పాదాలకు నమస్కరించి సత్యప్రియ రాసేది. ఇక్కడ మేమంతా బాగున్నాం. మీ అల్లుడికి మోకాలి నొప్పి తగ్గింది, మళ్ళీ మగ్గం గుంటలో కాళ్ళు పెడుతున్నాడు. షోలాపూర్‌లో నువ్వూ, శ్యామ్‌సుందర్ అన్నా, వదినా క్షేమమని తలుస్తాను. చలికి చెవుల్లో దూది పెట్టుకుంటున్నావా? ఎలాగూ వినపడని చెవులకు దూదెందుకని వదినతో వాదించకు.

మోక్షిత రోజూ పొద్దున్నే రైలెక్కి తిరువళ్ళూరు కాలేజీకి పోయి వస్తోంది. దానికి తెలుగు చదవడం రాదు గాని, నీ ఉత్తరం నేను చదువుతుంటే పక్కనే కూర్చుని వింటుంది. "అవ్వ తాత పేరు రాసేసిందే!" అని నవ్వింది. లోకనాథం అని నీ చేతిరాతలో చూడటం నాకూ ఇదే మొదలు.

నువ్వడిగిన సినిమా చూసి వచ్చాను. జగన్నాథన్ గారని పాత రీళ్ళు పోగుచేసే ఆయన, మూతబడ్డ టాకీసులో దొరికిన 'కోటలో మూడో హత్య'ను తిరువళ్ళూరు కల్యాణమండపంలో వేశారు. అప్పట్లో వారం కూడా ఆడలేదన్నావే, ఎందుకో తెలిసింది. రాజుల కాలంనాటి కోటలో కర్రసాము వీరులు ఒక్కొక్కరే హత్యకు గురవుతుంటారు. చంపేది నల్ల ముసుగువాడు. వాడెవడో వేగులవాడు కనిపెట్టేలోగా మనకు నిద్ర వస్తుంది. కానీ కర్ర గిర్రున తిరిగినప్పుడల్లా మండపమంతా సర్దుకుని కూర్చుంది.

నా పక్కన కుప్పుస్వామి మామ ఉన్నాడు. నాన్నతో కలిసి ఆ సినిమాలో కొట్లాటలు చేసిన మనిషి. ముసుగువాడు గోడ దూకగానే నా చెయ్యి పట్టుకున్నాడు.

"అదో సూడు పాపా, కర్ర ఎత్తే ముందర నేలను ముట్టి కండ్లకద్దుకున్న్యాడు. మీ నాయనే! ముసుగేసినా ఆ పళక్కం పోలా."

ఎంత చలాకీగా దూకాడమ్మా! నలుగురు చుట్టుముడితే ఆయన కర్ర కంటికి కనపడనే లేదు. మా నాన్న అని అందరికీ చెప్పాలనిపించింది. చివర్లో ముసుగు తీస్తే, కింద వేరే ముఖం. మంత్రి అల్లుడి వేషం వేసిన నటుడిది. కొట్లాటలన్నీ నాన్నవి, ముఖం ఆయనది.

"ముఖం కనపడిందా? ఎడమ కనుబొమ్మ మీద కర్ర దెబ్బ గీత ఉంటుంది, చూసి పోల్చుకో" అని రాశావు. ఇంతసేపూ దాటవేస్తున్నది ఆ ఒక్క ప్రశ్ననే. అన్న ఫోన్ చేసి, "కనపళ్ళేదని రాసెయ్ మే. అమ్మ తట్టుకోలేదు" అన్నాడు. నీతో అబద్ధం ఆడటం నాకు చేతకాదు. కనపడిందమ్మా, ఒకే ఒక్క చోట. అక్కడ నాన్న శవం వేషంలో ఉన్నాడు.

అదే మూడో హత్య. చాప మీద పడుకోబెట్టి, గుండెల మీద బంతిపూల దండ వేశారు. చుట్టూ ఆడవాళ్ళు ఏడుస్తున్నారు.

"శవంగా పండుకునేదానికి ఎవురూ ఒప్పుకోలా. అపశకునమని అందురూ పక్కకు పోయినారు. మీ నాయన మాత్రం 'నేను పండుకుంటా పోండి' అన్నాడు" అన్నాడు మామ.

నువ్వు నన్ను కని పురిటి మంచం మీద ఉండగా పూండి దగ్గర లారీ బోల్తాపడి నాన్న పోయాడు. పచ్చి బాలింతవని నిన్ను పుత్తూరు నుంచి కదలనివ్వలేదు. అప్పటినుంచీ "నేను కళ్ళారా చూడలేదు గదా" అంటూనే ఉన్నావు. చెవులు వినపడే రోజుల్లో తలుపు ఎవరు కొట్టినా నువ్వే ముందు లేచేదానివి. ఉన్న ఒక్క పెళ్ళి ఫోటో వానకు తడిసి ముఖాలు చెరిగిపోయాయి. పుట్టాక నేను నాన్న ముఖం చూడటం ఇదే మొదటిసారి, అదీ ఇట్లా. అన్న మాటే వినాలనుకున్నాను.

అంతలో మండపంలో జనం గొల్లున నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. చూస్తే మామ కూడా నవ్వుతున్నాడు, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

"దండను సూడు పాపా! 'ఊపిరి బిగబట్టు లోకనాథా' అని అరస్తానే ఉండాము. అప్పుడే కొట్లాట చేసొచ్చి పండుకున్నోడు యాడ బిగబడతాడు? రీలు అయిపోయిందని మళ్ళా తియ్యలా."

చూశాను. దండ లేస్తోంది, దిగుతోంది.

జగన్నాథన్ గారు ఆ ముక్కను మోక్షిత ఫోన్‌లో వేసి ఇచ్చారు. అన్నకు పంపను. వచ్చే నెల నేనే వచ్చి నీ పక్కన కూర్చుంటాను. చూడాలో వద్దో నువ్వే చెప్పు, నీ దగ్గర దాచడానికి మేమెవరం? నాన్న పోయాడని నాకు తెలుసు, నీకూ తెలుసు. అయినా ఆ కాసేపు నీ చెయ్యి పట్టుకుని చూడాలని ఉంది. అక్కడ మాటలేమీ లేవు, నీకు వినపడలేదన్న దిగులు అక్కర్లేదు. ముందు కనుబొమ్మ చూడు, గీత ఉంది. తర్వాత దండను చూడు. చుట్టూ అందరూ ఏడుస్తూనే ఉంటారు, నాన్న ఊపిరి తీసుకుంటూనే ఉంటాడు.

ఇట్లు,
నీ కూతురు
సత్యప్రియ