పక్క కుర్చీలో సునీత

ఆదివారం, రాత్రి

పట్టా చేతికొచ్చింది కానీ మనసేం బాగోలేదు.

రాజమండ్రిలో డిగ్రీలిచ్చే సభలో నా పక్కన ఒకావిడ కూర్చుంది. “ఏ ఊరండీ మీది?” అని అడిగింది. ఆ ఊళ్లోనే ఉన్న అక్కావాళ్లింటి నుంచి వెళ్లానుగా, మా ఊరి పేరు చెప్పకుండా “ఇక్కడేనండి” అనేశాను. “మా క్లాసావిడ కోసం చూస్తున్నానండి” అంది. నేను తలూపి, గౌనులో దిగిన ఫొటోలు బంధువులకి పంపుకుంటూ కూర్చున్నాను.

స్టేజీ మీంచి “సునీత” అని పిలవగానే ఆవిడే లేచింది. ఆన్‌లైన్ క్లాసుల్లో మూడేళ్లూ మేమెవరమూ కెమెరా పెట్టలేదు, మేమిద్దరం మాట్లాడుకున్నదంతా మెసేజీల్లోనే. వాట్సాప్‌లోనూ ఆమెది మల్లెపూల ఫొటోనే. బాబుకి డెంగీ వచ్చి నేను చదువు మానేద్దామనుకున్నప్పుడు, పాఠాలన్నీ తెలుగులో టైపు చేసి పంపిన సునీత!

నా వంతు అయ్యి దిగొచ్చేసరికి కుర్చీ ఖాళీ. ఫోన్ చేస్తే అప్పటికే జంగారెడ్డిగూడెం బస్సెక్కేసింది. మీ పక్క కుర్చీలో కూర్చున్నది నేనేనండి అని చెప్పాను.

“అయ్యో, మీరేనాండీ! మీరు రాలేదేమో అనుకున్నానండి.”

రోజూ మెసేజీలని “రేపు క్లాసులో కలుద్దామండి” అని ముగించేవాళ్లం. ఇక క్లాసుల్లేవుగా, ఇవాళ ఇద్దరం “సరేనండి” అని పెట్టేశాం.