అంబలమకు తలుపా?

హీన్‌మెణికా, నేను కులాసా. పని మాత్రం పోయింది, కంగారుపడకు.

గుడిదారిలో పాత అంబలమ కప్పు బాగుచేయడానికి వచ్చాను కదా. పని కాగానే ఊరిపెద్ద దానికి తలుపు పెట్టించి తాళం వేశాడు. “దొంగలు పడతారోయ్!” అన్నాడు. “బాటసారులు తలదాచుకునే చోటయ్యా, ఏం ఎత్తుకుపోతారు, గాలినా?” అన్నాను. నిన్న జోరువానలో, బుద్ధుడికి పూలు తెస్తున్న ముసలమ్మ ఆ తాళం ముందు తడిసి వణుకుతోంది. నాకు ఒళ్లు మండిపోయింది. బాడిసెతో తలుపు పీకేసి ఆమెను లోపల కూర్చోబెట్టాను. ఊళ్లో ఇస్తానన్న మిగతా పని కూడా లేదని ఊరిపెద్ద నన్ను పొమ్మన్నాడు.

మన ఊరి అంబలమలో నీళ్లకుండ నింపే వంతు ఈ నెల మనదే. నింపుతున్నావా? ఖాళీ కుండ కనబడిందో, నీకూ చీవాట్లే! అమ్మకు దండాలు. త్రిరత్నాల చల్లని నీడ మీ మీద ఉండాలి.

దొంగలు పడతారన్న అతని మాట నిజం చేశాను. ఆ తలుపు పలకలు భుజానేసుకొస్తున్నాను, మన అంబలమకు బల్ల చేస్తాను.

పుంచిరాల