తోలు పట్టీ, వెండి గొలుసు

ఒబాన్, మంగళవారం

తమ్ముడు లాక్లన్‌కు,

నీ పెళ్లికి నడుముకు కట్టుకోవడానికి, నాన్న నాకిచ్చిన కుచ్చిళ్ల కిల్టు అడిగావు. పంపిస్తున్నాను. దాని ముందు వేలాడే స్పారన్ సంచికి తోలు పట్టీ కట్టుకోవాలా, నాన్న నీకిచ్చిన వెండి గొలుసు కట్టుకోవాలా అని కూడా అడిగావు. తోలు పట్టీయే కట్టుకో. పగలు తోలు, రాత్రి విందుకు గొలుసు అని నాన్న ఎప్పుడూ చెప్పేవాడు. పైగా గొలుసు గలగలమంటుంది. చర్చిలో జనం పెళ్లికూతురు షోనాని చూడాలి గానీ నీ నడుముని కాదు. గొలుసు రాసుకుంటే వెనక కుచ్చిళ్లు కూడా అరిగిపోతాయి.

నాకు కుళ్లనుకోకు. నాన్న పోయాక ఫ్లోరా అత్త, "పెద్దాడికి గుడ్డ, చిన్నాడికి వెండి! మీ నాన్నకి ఎవరు ముద్దో ఇప్పుడు తెలిసిందా?" అని అందరి ముందూ నవ్వితే నేనూ నవ్వానుగా.

నా తోలు పట్టీ పార్సెల్లోనే పెట్టాను. ఇక నీకు గొలుసుతో పని లేదు కాబట్టి, ఆ ఒక్క రోజుకూ అది నాకు పంపు. నాది అద్దె కిల్టు, అరిగినా ఫర్వాలేదు. వెనక బల్ల మీద కూర్చుంటాను, గలగల ఎవరికీ వినపడదు.

పంపడం ఇష్టం లేకపోతే మానెయ్. ఒక్క మాట మాత్రం విను. కిల్టు విప్పితే వెనక కుచ్చిళ్ల మీద సన్నటి అరిగిన గీత కనబడుతుంది. నాన్న గొలుసు రాసుకుని పడ్డ గీత అది. పెళ్లి హడావుడిలో దర్జీకిచ్చి దాన్ని రఫూ చేయించకు.

నా వంతుకు వచ్చిన గొలుసు అదే.

మీ అన్న